‘ఉన్నట్టుందండీ’ మాహాత్మ్యం

లోకశాంతికి సైన్యాలెందుకు? ప్రతివాడూ మాట చివర ‘ఉన్నట్టుందండీ’ అని తగిలిస్తే చాలు! కొరియాలోని మా చుంగ్‌చాంగ్ సీమలో తరతరాలుగా తగాదాలే లేవు. ఏ సంగతీ తేలనిచోట తగాదా దేనిమీద పడతాం?

కుండపోతగా కురుస్తున్నా మేం ‘వాన పడుతున్నట్టుందండీ’ అనే అంటాం. ఆకాశం మనసులో ఏముందో గ్యారంటీ ఇవ్వడానికి మనమెవరం? మొన్న పక్కింటి పెద్దాయన మాంసం కాలుస్తుంటే ప్యాంటుకు నిప్పంటుకుంది. భార్య తాపీగా వచ్చి, “ఏవండీ, మీ ప్యాంటు కాలుతున్నట్టుందండీ” అంది.

ఆయన వంగి చూసుకుని, “నాకూ అలాగే అనిపిస్తోందే” అన్నాడు.

ప్యాంటు పోతే పోయింది, మర్యాద దక్కింది!

ఈ నాజూకుతనం రేవుపట్నం బూసాన్ వాళ్లకేం తెలుసు? ‘తిన్నావా? రా. కూర్చో.’ అవి మాటలా, మేకులా?

నా సంగతే చూడండి. బడిలో పాఠాలు ముగించుకుని రోజూ బజారులో ఓక్జుగారి నూడుల్స్ దుకాణానికి వెళ్లేవాణ్ణి. ఆల్చిప్పల పులుసులో, కత్తితో కోసిన కల్గుక్సు నూడుల్స్ వేసి ఇచ్చేది. “రుచిగా ఉన్నట్టుందండీ” అనేవాణ్ణి. “అలా అనిపించిందాండీ, మాస్టారూ?” అని తలవంచుకుని నవ్వేది. ఆ నవ్వు కోసం చచ్చిపోయేవాణ్ణి. అది మాత్రం అనిపించడం కాదు.

మూడో చలికాలంలో తెగించాను. “ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో ఉంటే బాగుంటుందేమో అనిపిస్తున్నట్టుందండీ.”

ఇంతకంటే మర్యాదగా పెళ్లి మాట ఎత్తిన మగాడు కొరియాలో ఉన్నాడా?

ఓక్జుగారి గరిటె ఆగింది. “ఎవరికి అనిపిస్తోందండీ?”

“ఎవరికైనా... అనిపించవచ్చేమోనండీ.”

“ఆలోచించాల్సిన విషయంలాగే ఉందండీ” అని, అడక్కుండానే ముల్లంగి కిమ్చీ పచ్చడి ఇంకో గిన్నెడు పెట్టింది. ఆ సంబరంలో గొడుగు అక్కడే మరిచి, మంచులో తడుస్తూ గంతులేసుకుంటూ ఇంటికెళ్లాను.

ఆలోచనకు టైమివ్వాలి కదా? ఇచ్చాను. చెర్రీలు పూశాయి, రాలాయి. ఈలోగా బూసాన్ నుంచి ఆల్చిప్పలు తెచ్చే వ్యాను డ్రైవరొకడు, ప్యో దోషిక్ అట, నా పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక్క గుక్క తాగి గిన్నె దించాడు.

“ఉప్పు చాల్లేదు. నువ్వు మాత్రం బాగున్నావు. పెళ్లి చేసుకుందామా?”

దుకాణమంతా బిగుసుకుపోయింది. ఇంత మోటు మనిషిని గరిటెతో తరుముతుందనే అనుకున్నాను.

“సరే” అంది ఓక్జు. వెనకాల ఏమీ తగిలించలేదు!

వాళ్ల పెళ్లిభోజనాల దగ్గర ఎర్రటి హన్‌బోక్ పెళ్లిదుస్తుల్లో మెరిసిపోతూ నా బల్ల దగ్గరికొచ్చింది. నేను మరిచిన గొడుగు చేతిలో పెట్టి మెల్లగా అంది: “ఒక్కసారి తేల్చి అంటారేమోనని చూశాను, మాస్టారూ.”

ఏమనను? “అలాగే ఉన్నట్టుందండీ” అన్నాను.

పాఠకులారా, మర్యాద మహా గొప్పది, వదలకండి. కానీ ఆ పులుసులో ఉప్పు తక్కువే. మొదటి రోజు నుంచీ తక్కువే. తెలిసే, రోజూ గిన్నె ఖాళీ చేశాను.