విండోస్ నారు, మ్యాక్ నారు

ఆ రోజుకు పురుషోత్తం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పది లోపల ఒకే బంతిపువ్వు ఫొటోను రెండు కంప్యూటర్లలో సరిదిద్దాలి. ఏది నిజమైన రంగు చూపిస్తుందో తేల్చుకోవాలి. సాయంత్రానికి, పూల నారు అమ్మే నరసింహయ్య నర్సరీ రకాల పుస్తకాన్ని అచ్చుకు పంపాలి. ఆ తర్వాత కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోవాలి.

కర్ణాటకలోని చింతామణి బస్టాండు వెనక ఒంటిగది షాపులో ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్నది అచ్చుకు పోయే ఫొటోల రంగులు దిద్దే పనే. పోయినేడు నర్సరీ పుస్తకంలో నారింజ రంగులో అచ్చయిన బంతి రైతుల పొలాల్లో పసుపుగా పూసింది. నరసింహయ్య కోప్పడలేదు. "ఈసారి కూడా రంగు తప్పితే బెంగళూరులో చేయించుకుంటానప్పా" అని మెల్లగా అన్నాడు. అంత మెల్లగా అనడమే పురుషోత్తాన్ని భయపెట్టింది. ఏటా నిలకడగా వచ్చే పని అదొక్కటే. అది పోతే షట్టరు దించేయడమే. దాని అడుగున ఇంకో భయం కూడా ఉంది. తప్పు కంప్యూటరుది కాదేమో, తన కళ్ళదేమో.

అందుకే బెంగళూరులో వీడియో ఎడిటింగ్ చేసే బావమరిది అమరేష్ సెలవు మీద వస్తే, అతని మ్యాక్‌ను ఒక పూటకు అడిగి తెచ్చుకున్నాడు. దాంతోబాటు అమరేష్ కూడా వచ్చాడు. అది అడగలేదు.

"బావా, విండోస్‌లో నువ్వు చూసేది రంగు కాదు. రంగు మీద నీ నమ్మకం" అన్నాడు అమరేష్.

"నీ మ్యాక్‌లో కాపీ చేసే మీట యాడుండాదో చెప్పి ఊరుకో" అన్నాడు పురుషోత్తం. ఇరవై రెండేళ్ళుగా ఒకే చోటికి పోవడం మరిగిన చిటికెన వేలు, ఇల్లు మారిన పిల్లిలా కొత్త మీటల మీద తిరుగుతోంది.

తొమ్మిదిన్నరకు రెండు బొమ్మలూ తయారయ్యాయి. ఒకదానిలో పువ్వు నిమ్మపండు పసుపు. రెండోదానిలో ముదురు నారింజ. రెండూ ఆయన కళ్ళతో దిద్దినవే, దిద్దుతున్నప్పుడు రెండూ నిజమే అనిపించాయి. కింద విండోస్ అని ఒకదానికి, మ్యాక్ అని ఒకదానికి రాసి, అలవాటు కొద్దీ మూలన షాపు ఫోన్ నంబరు వేసి, "యాది మేలో చెప్పండప్పా" అని నరసింహయ్యకు వాట్సాప్‌లో పంపాడు.

నరసింహయ్య అప్పుడు నారు ట్రేలకు నీళ్ళు పడుతున్నాడు. తడి చేతులతో తీర్పు చెప్పే ఓపిక లేక, అదే ప్రశ్నతో రెండు బొమ్మలనూ నాలుగు వందల మంది రైతులున్న గ్రూపులోకి తోసేశాడు. నర్సరీ గ్రూపులోకి రెండు పేర్లతో రెండు రంగుల పువ్వులు వస్తే రైతు ఏమనుకోవాలో అదే అనుకున్నాడు. కొత్త రకాల నారు వచ్చింది.

పదిన్నరకు షాపు ఫోన్ మోగింది. పురుషోత్తం కళ్ళలో చుక్కల మందు వేసుకుని పైకి చూస్తున్నాడు. అమరేష్ తీశాడు. అవతల తొండేభావి రైతు మునివెంకటప్ప.

"మ్యాక్ ఎట్లుంటాదప్పా?"

అమరేష్ ముఖం వికసించింది. రెండు రోజులుగా ఇంట్లో ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. "ధర ఎక్కువేనప్పా. ఒగసారి తెచ్చుకుంటే మాత్రం ఏడెనిమిదేండ్లు తిరిగి చూసే పన్లేదు."

"ఎనిమిదేండ్లా? మళ్ళీ వేసే పన్లేదా?"

"లేదప్పా. నాది ఆరో ఏడు. నిన్న తెచ్చినట్లే ఉండాది."

"నీళ్ళు?"

"నీళ్ళు మాత్రం తగలకూడదు."

"మరి విండోస్?"

"అది అందరికాడా ఉండేదే. మనకు కావాల్సినట్ల మార్చుకోవచ్చు. దుడ్డు ఇయ్యకుండా కావాలంటే లినక్స్ ఉండాది. కాకపోతే కొంచెం నేర్చుకోవల్ల."

"ఊరికేనా?"

"ఊరికేనప్పా. ఎంతమందికైనా."

మునివెంకటప్ప స్వార్థపరుడు కాడు. నీళ్ళక్కర్లేకుండా ఎనిమిదేళ్ళు పూసే మ్యాక్ బంతి గురించి, ఊరికే ఇచ్చే లినక్స్ బంతి గురించి రెండు నిమిషాలు మాట్లాడి, ఆ మాటలను రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు. పోయినేడు విండోస్ వేసి తన బావ బాగుపడినాడని బాగేపల్లి నుంచి ఒకాయన సాక్ష్యం చెప్పాడు. పూలతోటల సంగతి చూసే తోటగారికె ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, ఈ కొత్త రకాల అనుమతి కాగితాలు ఎప్పుడు పంపుతారని నరసింహయ్యను మర్యాదగా అడిగారు.

పన్నెండింటికి నర్సరీ గేటు దగ్గర ఖాళీ ట్రేలతో అరవై మంది. అవి కంప్యూటర్ల పేర్లనీ, పువ్వు ఒకటేననీ నరసింహయ్య ఉన్న నిజం చెప్పాడు.

"మేలైంది పెద్ద రైతులకి ఎత్తిపెట్టి, మాకు కంప్యూటర్ కథ చెప్తాండావు" అన్నాడు వెనక నుంచి ఒకడు.

తను వాళ్ళలో ఒకడైతే తనూ నమ్మేవాడు కాదని నరసింహయ్యకు తోచింది. "రాండి, చూపిస్తా" అని అందర్నీ పురుషోత్తం షాపుకు తీసుకొచ్చాడు.

గదిలో ఆరుగురు పట్టారు. తక్కినవాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. అందరికంటే ముందు సోమేనహళ్ళి హనుమక్క. మూడు నెలల కింద ఇదే నర్సరీ నారు నాటిన మనిషి. తన తోటలోని పువ్వొకటి కొంగున కట్టుకుని వచ్చింది. పురుషోత్తం రెండు తెరలూ చూపించి, రెండూ ఒకే ఫొటో అని చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే అబద్ధంలా వినిపించింది.

హనుమక్క పువ్వును విండోస్ తెర పక్కన పెట్టి చూసింది. మ్యాక్ పక్కన పెట్టి చూసింది.

"రెండూ కాదప్పా."

"ట్యూబ్‌లైటు కింద అట్ల కనిపిస్తాదమ్మా" అన్నాడు పురుషోత్తం.

ఆమె పువ్వును ఎండలోకి తీసుకుపోయింది. బయట అది ఇంకో రంగు. వెంట వెళ్ళిన పురుషోత్తం కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. పసుపన్నారు కొందరు, కుంకుమపువ్వు రంగన్నారు కొందరు. ఎవరికి ఏది కావాలో వాళ్ళకు అదే కనిపిస్తోంది. తప్పు తన కళ్ళది మాత్రమే కాదని తెలిసి ఆయనకు కొంచెం ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు కొంచెం సిగ్గేసింది.

"నాకు మ్యాకూ వద్దు, ఇంగోటీ వద్దు. ఈ పువ్వుది ఉండాదా?" అంది హనుమక్క.

"అది నువ్వు మాకాడ తీసుకున్నదే కదమ్మా" అన్నాడు నరసింహయ్య.

"అదే ఇయ్యి మల్ల."

"నాకూ అదే" అన్నాడు పక్కనున్నవాడు. అరగంటలో అరవై మందీ హనుమక్క రకం రాయించుకున్నారు. మ్యాక్‌ను మళ్ళీ అడిగినవాడు లేడు. ఇంటి మనిషిని ఎవరో తక్కువ చేసినట్టు, అమరేష్ దాని మూత వేసి సంచిలో పెట్టుకున్నాడు.

అందరూ పోయాక నరసింహయ్య కుర్చీలో కూలబడ్డాడు. "బెంగళూరికి పోనప్పా. పుస్తకం నువ్వే చెయ్యి."

పురుషోత్తం గుండె కుదుటపడింది. "రంగు యాది పెట్టమంటారప్పా?"

"రంగొద్దు, బొమ్మలొద్దు. పేర్లు చాలు. నల్ల అక్షరాలు. ఇంగ ప్రతి ఏడూ అట్లే."

పురుషోత్తం పాత కంప్యూటరులో తెల్ల పుట తెరిచి మొదటి పేరు కొట్టాడు. నలుపు రెండు కంప్యూటర్లలోనూ ఒకటేనా అని అనుమానం వచ్చింది. పోల్చి చూడలేదు.