నిద్రమృగం మీద సమీక్ష

ఆ పొద్దున్న ఫల్గుణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మంచు విడవకముందే ఇంట్లోంచి జారుకోవాలి, అరకులో దుర్గాప్రసాద్ ఇంటర్నెట్ సెంటర్‌కి చేరుకోవాలి, ఒక ముక్క గురించి ఓ పేజీ సమీక్ష టైపు చేసి పంపాలి. పండగ పూట కాబట్టి మధ్యాహ్నానికే షట్టరు దించేస్తానని దుర్గాప్రసాద్ ముందే చెప్పాడు.

ముక్కంటే మామూలు పేకముక్క కాదు. అంతరిక్షంలో యుద్ధాలు జరిగే ఓ ఇంగ్లీషు టీవీ సీరియల్ మీద అచ్చేసిన ఆట అది. ఫల్గుణ గుమాస్తాగా పనిచేసే లాడ్జిలో దిగిన బెంగుళూరు కుర్రాళ్ళు కట్టకు కట్ట మంచం కింద మరిచిపోయి వెళ్ళారు. ఇది రెండువేల నాలుగులో మాట. అప్పటినుంచీ అతని మనసు భూమ్మీద నిలవడం మానేసింది. లోయ నిండా మంచు పరుచుకుంటే అతనికది ఆకాశం. పైకి తేలిన కొండ కొమ్ములు గ్రహాలు. ఘాట్ రోడ్డులో మలుపు తిరిగే బస్సు దీపాలు దారి తప్పిన ఓడ.

ఆ ఆటకో వెబ్‌సైటు ఉంది. రోజుకో ముక్క మీద ప్రపంచంలో ఎక్కడో ఒక అభిమాని సమీక్ష రాస్తాడు. ఫల్గుణ నెలల తరబడి బతిమాలగా ఎడిటరు మెత్తబడి, 'నిద్రమృగం' అనే ముక్క అతనికి అప్పగించాడు. ఇవాళ అందకపోతే ఆ అవకాశం ఇంకొకరిది. తన పేరు అచ్చులో చూసుకోవాలని ఫల్గుణకి ఎన్నాళ్ళగానో ఆశ.

చిక్కల్లా ఒకటే. ఆడి చూశాకే రాయాలని ఎడిటరు షరతు పెట్టాడు. "మా ఊరి జట్టుతో రోజూ ఆడుతున్నాను" అని ఫల్గుణ జవాబిచ్చేశాడు. ఆ జట్టులో ఉన్నది అతని కుడిచెయ్యీ, ఎడంచెయ్యీ. ఆ రెండూ కలిసి నిద్రమృగం ఎందుకూ పనికిరాదని తేల్చేశాయి కూడా.

ఇంత ఆలోచించినవాడు ఇటుకల పండగంటే వేటపండగన్న సంగతి మాత్రం మరిచిపోయాడు. తెల్లారకముందే ఊళ్ళో మగాళ్ళంతా విల్లంబులు పట్టుకుని కొండెక్కేశారు. వేట ఇప్పుడు పేరుకే. ఏ ఎండ్రకాయో అడవిదుంపో తెచ్చి చూపిస్తే చాలు. కానీ ఉత్తచేతులతో కనబడ్డ మగాణ్ణి పేడనీళ్ళతో తడిపే ఆడవాళ్ళ హక్కు పేరుకు కాదు.

రోడ్డు మలుపులో వెదురుబొంగు అడ్డంగా కట్టి, బళ్ళాపి పండగ చందాలు అడుగుతూ ఆడవాళ్ళు పాడుతున్నారు. ముందువరసలో బకెట్టుతో మేనమామ కూతురు నిర్మల, పక్కనే వాళ్ళమ్మ దేముడమ్మ.

"ఏటి బావా, వేటకెల్లకుండా ఎక్కడికి పారిపోతన్నావు?" అంది నిర్మల.

"బేగి సూపించు, ఏటి కొట్టేవు?" అంది దేముడమ్మ.

బకెట్టు పైకి లేచింది. ముక్క చొక్కా జేబులో ఉంది. ఫల్గుణ చప్పున ముక్క తీసి తలపైకెత్తి, "ఇదిగో అత్తా! మృగం!" అని అరిచాడు.

దేముడమ్మ దాన్ని లాక్కుని వెలుతురుకి పట్టి చూసింది. నీలం బొచ్చు, ఆరు కాళ్ళు, వెన్నెల్లో ముడుచుకుని ఉంది. "సచ్చిందా?"

"నేదు, నిద్దరోతంది."

"నిద్దరోతన్నదాన్ని పట్టుకొచ్చేవా? సిగ్గు నేదూ?" అని ముక్కని రొంటిన దోపుకుంది. "అయినా వేట వేటే. ఊరందరిదీని. జేబులో దాసుకుంటానంటే కుదర్దు."

బొంగుకి అవతల ఆగిన కారులో టూరిస్టులు ఇదంతా విన్నారు. ఆరుకాళ్ళ జంతువు, ప్రాణాలతో దొరికింది, ఆడవాళ్ళు దాచేశారు. వాళ్ళు వెళుతూ వెళుతూ ఫారెస్టు చెక్‌పోస్టులో చెప్పారు. చెక్‌పోస్టు దాటేసరికి దానికి రెండు పిల్లలు కూడా పుట్టాయి. ఫల్గుణ ఇంకా ముక్క కోసం అత్తని బతిమాలుతుండగానే ఫారెస్టు గార్డు లక్ష్మణరావు మోపెడ్ మీద రొప్పుతూ వచ్చాడు. విజయనగరం వైపునుంచి కొత్తగా బదిలీ అయినవాడు, ఉద్యోగమంటే భక్తి.

"జంతువెక్కడ? పట్టిందెవరు?"

చేతులన్నీ ఫల్గుణ వైపు తిరిగాయి. దేముడమ్మ ముక్క తీసిచ్చింది. లక్ష్మణరావు దాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూసి కల్వర్టు మీద కూలబడ్డాడు.

"ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేసేను కదయ్యా! ఇప్పుడు పేకముక్కంటే నా పరువేటవుద్ది? ఇది ఏటి సేస్తదో చూపించు. అందాకా నా దగ్గరే ఉంటాది."

ఫల్గుణ సంచిలోంచి మిగతా కట్ట తీశాడు. అలా, అతని జీవితంలో మొదటిసారి ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని ముక్కలు పట్టాడు. ఫల్గుణకి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆట చెప్పాడు. మృగం పడుకున్న గ్రహం మీద ఎవరి ఓడా దిగడానికి లేదు. లేపితే ఎదురొచ్చిన ఓడలన్నీ మింగేస్తుంది. కానీ లేపాలంటే ఉన్న ఇంధనమంతా పొయ్యాలి. ఇంధనం అయిపోయి ఓడలు ముందు ఆగినవాడు ఓడినట్టు. మృగం లక్ష్మణరావు వంతుకొచ్చింది.

"లేపండి సార్," అన్నాడు ఫల్గుణ.

"నిద్రపోతన్న వన్యప్రాణిని లేపడానికి రూల్స్ ఒప్పుకోవు."

"ఆటే కద సార్!"

"నా డ్యూటీ ఆట కాదు."

ఫల్గుణ ఓడలు ఆ గ్రహం చుట్టూ తిరిగాయి. కాఫీ తోటల్లో పూలు విచ్చుకుని కొండంతా తెల్లగా, తియ్యగా ఉంది. మంచు కాళ్ళ కిందనుంచి మెల్లగా లేస్తోంది. ఆడవాళ్ళు పాట ఆపేసి చుట్టూ చేరారు. రోడ్డుకి రెండువైపులా బళ్ళు బారులు తీరాయి. ఫల్గుణకి మాత్రం తను కల్వర్టు మీద కాక, నక్షత్రాల మధ్య ఎక్కడో తేలుతున్నట్టే ఉంది. ఆ హాయిలో ఇంధనం సంగతే మరిచిపోయాడు. చూసుకునేసరికి ఒక్క ఓడా కదలడం లేదు.

"నేను నెగ్గేనా?" అన్నాడు లక్ష్మణరావు, వేలు కదపనివాడు.

"నెగ్గేరు సార్," అన్నాడు ఫల్గుణ. ఓడిపోవడంలో ఇంత ఆనందం ఉంటుందని అతనికి తెలీదు. ఎందుకూ పనికిరాదనుకున్న ముక్కకి, ఎవరూ లేపకపోవడమే బలం!

లక్ష్మణరావు సాక్ష్యం కింద ముక్కని జేబులో పెట్టుకుని, ఆఫీసుకి మళ్ళీ ఫోన్ చెయ్యడానికి బయల్దేరాడు. "జంతువు క్షేమం. నిద్రాభంగం కలగలేదు అని చెప్తాను. తప్పేటుంది?"

మోపెడ్ మలుపు తిరిగింది. నిర్మల బకెట్టు అందుకుంది. "రేపు నాకూ నేర్పాల బావా ఆ ఆట. అది సరే, వేట గార్డుగారు పట్టుకుపోయేరు. మరి నీ సేతిలో ఏటుంది?"

ఫల్గుణ చేతులు చూసుకునేలోపే పని అయిపోయింది.

సగం దించిన షట్టరు కింద దుర్గాప్రసాద్ ముక్కు మూసుకుని, "లోపలికి రావద్దు బాబూ, అక్కణ్ణుంచే చెప్పు, నేను కొడతాను," అన్నాడు. ఫల్గుణ గుమ్మంలో నీళ్ళోడుతూ నిలబడి, పాత అభిప్రాయం మార్చుకుని, నిద్రమృగానికి పూర్తి మార్కులిచ్చి, ఎవరితో ఎలా ఆడాడో జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆ వారమే అతని పేరుతో సమీక్ష వచ్చింది. గ్రహం మీద ఆరుకాళ్ళ మృగం నిద్రపోవడం వరకూ బాగానే ఉంది గానీ, వెదురుబొంగూ పేడనీళ్ళూ ఫారెస్టు గార్డూ మరీ నమ్మేలా లేవని ఎడిటరు ఆ భాగం కొట్టేశాడు.