భుజం మీద మిగిలిన చెయ్యి

“నేరం చేసి నా కళ్ళు కప్పగలిగినవాడు ఈ భూమండలం మీద ఇంకా పుట్టలేదు, ఎలాదియో! పుడితే, పుట్టిన ఆసుపత్రిలోనే పట్టుకుంటాను!”

ఇలా ప్రకటించి ప్రుదెన్సియో జేబులోంచి భూతద్దం తీశాడు. నేను బల్ల మీద పెట్టిన ఫోటోను చాలాసేపు పరీక్షించాడు. ఫోటో బోర్లా ఉంది. వెనకవైపు తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు.

“ఒక్క ఆధారం కూడా మిగల్చలేదు,” అన్నాడు. “ఆరితేరిన ముఠా పని.”

నేను ఫోటోను తిప్పిపెట్టాను.

ప్రుదెన్సియో ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. రిటైరయ్యాక ఇంటి ముందు ‘రహస్య పరిశోధకుడు’ అని బోర్డు కట్టి, దాని కింద తన ఫోటో, చిరునామా పెట్టాడు. రహస్యం అంతటితో సరి. మా ఊరు శాన్ హసింతోలో అతను చేపట్టినవన్నీ కోళ్ళ కేసులే. కొన్నిట్లో కోడి దానంతటదే ఇంటికొచ్చింది. ఒక కేసులో మాయమైన కోడిని అతనే తెలియక తిన్నాడు. అది మాత్రం ఇంకా తేలలేదంటాడు.

నా భార్య పోయాక నా దుకాణంలోకి పని లేకుండా వచ్చి కూర్చునేవాడు అతనొక్కడే. ఊళ్ళో దీన్ని స్నేహం అంటున్నారు.

నాది ఫోటోల దుకాణం. అక్టోబరు చివర్లో ఊరంతా నా దగ్గరికే వస్తుంది. నవంబరు రెండున చచ్చినవాళ్ళు తమ ఇళ్ళకు వస్తారు కదా, ఇంట్లో వాళ్ళకి అన్నం పెట్టే పీఠం మీద వాళ్ళ ఫోటో ఉండాలి. అందులో బతికున్నవాళ్ళ చెవి కూడా కనబడకూడదు. కనబడితే ఆ చెవి గల మనిషిని కూడా వెంట తీసుకుపోతారని భయం. కానీ మనుషులు బుద్ధిగా ఒంటరిగా ఫోటో దిగి చావరు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో గుంపుగా దిగి చస్తారు. అందుకని జనం బతికున్నవాళ్ళ మీద నల్ల మార్కరుతో ఇంటూ గుర్తు పెట్టి నాకు తెచ్చి ఇస్తారు. నేను ఫోన్లో ఆ మనిషి మీద వేలితో రుద్దుతాను. ఏఐ మనిషిని మాయం చేసి, వెనక గోడ ఎలా ఉండాలో తానే ఊహించి పూడ్చేస్తుంది. పూర్వం ఇదే పనికి చీకటి గదిలో ఒక పూటంతా పట్టేది. ఇప్పుడు బావమరిదిని తుడవడానికి తుమ్మినంతసేపు చాలు.

నా భార్య రెఫుహియో ఫోటోలో పక్కన నేనుండేవాణ్ణి. నన్ను నేనే తుడుచుకున్నాను. ఆ ఖాళీలో ఏఐ ఒక పూలకుండీ పెట్టింది. మూతి ముడుచుకుని నిలబడ్డ నాకన్నా ఆమెకు అదే మంచి తోడు. అలాగే ఉంచాను.

తేడా వచ్చింది కసీల్దా ఫోటోతో.

కసీల్దా సమాధుల మీద పెట్టే కాగితపు పూలదండలు చేసి అమ్ముతుంది. ఆమె భర్త నికనోర్ మొన్న వేసవికి ముందు పోయాడు. నవంబరు ఒకటిన పొద్దున్నే చట్రం కట్టిన ఫోటో తెచ్చి నా బల్ల మీద పడేసింది.

“ఎవతిదన్నా ఈ చెయ్యి?”

ఫోటోలో నికనోర్ చర్చి గోడ ముందు నవ్వుతూ నిలబడ్డాడు. అతని భుజం మీద ఒక ఆడ చెయ్యి ఉంది. మణికట్టు దాటితే ఏమీ లేదు, గోడ. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిటికెన వేలు మిగతా వేళ్ళతో మాటల్లేనట్టు దూరంగా నిలబడి ఉంది.

“ఏఐ ఆ చెయ్యి ఆయనదే అనుకుందమ్మా.”

“ఆయనకి మూడు చేతులా? ఉంటే ఒక్కటైనా ఇంట్లో పని చేసేది కాదూ?”

“ఇప్పుడే తుడిచేస్తాను, ఇలా ఇయ్యి.”

“చెయ్యి తుడుస్తావు. నా కడుపులో మంటని ఏ వేలితో తుడుస్తావు? ఎర్ర గోళ్ళు! నా జన్మలో నేను గోళ్ళకి రంగేసుకోలేదు. తుడవమని నీకిచ్చారంటే అది బతికే ఉంది. ఈ ఊళ్ళోనే, సంతలో నా పక్కనే టమాటాలు ఏరుకుంటూ ఉంది! ఎవతో తేలేదాకా ఈ ఫోటో పీఠం ఎక్కదు. రేపు సాయంత్రానికి తేలకపోతే, ఆయన్ని అన్నానికి దాని గుమ్మానికే పొమ్మను!”

ఆ మాటతో ఫోటో చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. నికనోర్ రావడం ఇదే మొదటిసారి. మొదటి ఏడు వచ్చేవాడు ఇల్లు సరిగ్గా గుర్తుపట్టలేడంటారు. గుమ్మంలోంచి తన ఫోటో కనబడితేనే లోపలికొస్తాడు. లేకపోతే కాసేపు నిలబడి వెళ్ళిపోతాడు. ఆమె ఇవన్నీ తెలిసే అంది.

ఇదీ కేసు. దీని కోసం నేను ప్రుదెన్సియోను పిలవలేదు. ఎవరూ ఎప్పుడూ పిలవరు, తనే వస్తాడు.

అతను బోర్లా పరీక్షించింది నా దగ్గరున్న నకలు. నేను తుడవకముందున్న అసలు ఫోటో తీసి చూపించాను. దాన్ని నాకు తెచ్చిచ్చి, తుడిచాక కోడలికే ఇమ్మన్నది నికనోర్ తల్లి ఉబాల్దినా. అందరూ బతికున్నవాళ్ళ మీద చిన్న ఇంటూ పెడతారు. ఈవిడ నికనోర్ పక్కనున్న మనిషిని జుట్టు నుంచి చెప్పుల దాకా నల్లగా పులిమేసింది. చెయ్యి ఒక్కటే వదిలేసింది, కొడుకు చొక్కాకి మసి అంటకూడదని కాబోలు.

“నల్లముసుగు సుందరి!” అన్నాడు ప్రుదెన్సియో. “ముఖం దాచుకుందంటే నేరం ఒప్పుకున్నట్టే!”

“ఆమె దాచుకోలేదు. ముసలావిడ పులిమింది. వెళ్ళి ఆవిడ్ని అడిగితే పోతుంది.”

“సాక్ష్యం తెచ్చినవాళ్ళకి ఎప్పుడూ ఏమీ తెలియదు. నేర పరిశోధనలో మొదటి సూత్రం.”

“ఎవరు చెప్పారు?”

“ఇప్పుడే నేను చెప్పాను.”

బలవంతంగా లాక్కుపోయాను. ఉబాల్దినా గుమ్మంలో కూర్చుని బంతిపూలు గుచ్చుతోంది. లోపల పీఠం సిద్ధంగా ఉంది. మధ్యలో నికనోర్ చిన్నప్పటి ఫోటో, దాని ముందు పెద్ద గిన్నెలో పొగలు కక్కుతున్న మోలే కోడికూర.

“ఆ ఫోటోలో మీ అబ్బాయి పక్కనున్నది ఎవరమ్మా?” అన్నాను.

“నాకు చూపు ఆనదు నాయనా. ఎవరో ఏమో,” అంటూ ఆవిడ సూదిలోకి దారం ఒక్క పోటున ఎక్కించింది.

నేను సూది వంక చూశాను. ప్రుదెన్సియో మోలే వంక చూశాడు.

“ఎవరో తేలేదాకా మీ కోడలు ఫోటో పీఠం మీద పెట్టనంటోంది.”

“అయ్యయ్యో,” అంది ముసలావిడ. అంత హాయిగా అయ్యయ్యో అన్నవాళ్ళను నేను చూడలేదు.

నేను ప్రుదెన్సియో చొక్కా పట్టుకుని లాగాను. అతను అప్పటికే ఆవిడ ఇచ్చిన కోడి కాలు తింటున్నాడు.

“నిర్దోషి,” అని మూతి తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. “పైగా ఆవిడ గోళ్ళు ఎర్రగా లేవు.”

మర్నాడు పొద్దున ఊరి ఆడవాళ్ళంతా బకెట్లు, చీపుళ్ళతో శ్మశానంలో ఉన్నారు. సమాధులు కడుగుతున్నారు. ఇంతకన్నా మంచి అవకాశం దొరకదన్నాడు ప్రుదెన్సియో. ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి భుజం వంచి నిలబడ్డాడు.

“అమ్మా, పరిశోధన నిమిత్తం మీ చెయ్యి ఒకసారి నా భుజం మీద వేస్తారా?”

మొదటావిడ భుజం నొప్పేమోనని జాలిపడి అరచేత్తో గట్టిగా పిసికి, కర్పూరం నూనె రాసుకోమంది. రెండో ఆవిడ చీపురు వేసింది.

“చీపురు కాదమ్మా, చెయ్యి!”

“చెయ్యి వేస్తే మళ్ళీ కడుక్కోవాలి!”

బడి పంతులమ్మ, “ఈ వయసులో ఇదేం రోగం, ప్రుదెన్సియో గారూ?” అంది. మందుల షాపాయన భార్య గోళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. ప్రుదెన్సియో పెద్దగొంతుతో, “దొరికింది! నికనోర్‌తో నీకున్న సంబంధం ఎన్నాళ్ళది?” అన్నాడు. సమాధి వెనకాల ఆమె భర్త పార పట్టుకుని ఉన్నాడని అతను గమనించలేదు. డిటెక్టివ్ కన్ను కోళ్ళ మీద పనిచేసినట్టు పారల మీద పనిచేయదు.

గోడ దూకించి బయటికి తీసుకొచ్చింది నేనే. అతని ప్యాంటు గోడ మీదే ఉండిపోవాల్సింది, తృటిలో తప్పింది.

“కేసు బిగుస్తోంది,” అన్నాడు రొప్పుతూ. “గమనించావా? ఊళ్ళో ఒక్కతి కూడా ఒప్పుకోలేదు. అంటే అందరూ కుమ్మక్కయ్యారు. లేదా...”

“లేదా?”

అతను ఆగి, ఆకాశం వంక చూశాడు. నాకు భయం వేసింది. అతను ఆలోచించిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి దెబ్బలు తగులుతాయి.

సాయంత్రం కావస్తుండగా కసీల్దా ఇంటికి వెళ్ళాం. ఆమె బేసిన్‌లో ఎర్ర ముడత కాగితం తడిపి, చివరి దండలకు రేకలు చుడుతోంది. పీఠం అంతా అమర్చింది. బంతిపూలు, రొట్టెలు, అతని సిగరెట్లు, అతని టోపీ. మధ్యలో మాత్రం ఖాళీ. ఫోటో బల్ల కింద గోడవైపు తిప్పి పెట్టి ఉంది.

“తేలిందా అన్నా?” నన్ను అడిగింది. కళ్ళు వాచి ఉన్నాయి. “పొద్దుగూకుతోంది.”

నేను నోరు తెరిచేలోగా ప్రుదెన్సియో గది మధ్యకు వచ్చాడు. చొక్కా సర్దుకున్నాడు.

“తేలింది! గుండె దిటవు చేసుకోండి. ఇది అక్రమ సంబంధం కాదు, అంతకన్నా ఘోరమైన కుట్ర! పీఠం మీద ఫోటో పెట్టాల్సిన అవసరమే లేదు. ఎందుకంటే నికనోర్ చనిపోలేదు!”

“ఏమిటి?”

“ఎర్ర గోళ్ళ సుందరితో రేవుపట్నం వెరక్రూజ్‌లో కాపురం పెట్టాడు! శవపేటికలో మీరు పూడ్చింది ఇటుకలు!”

కసీల్దా లేచింది. భర్త ఒంటికి చివరి స్నానం చేయించింది ఆమే. పేటిక మూత మూయనివ్వకుండా పట్టుకుని వేలాడిందీ ఆమే. తడి చెయ్యి తడిగానే ఎత్తి ప్రుదెన్సియో చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడుకి సిగరెట్ పెట్టె పీఠం మీంచి కింద పడింది.

 నేను ప్రుదెన్సియో చెంప వంక చూస్తూ ఉండిపోయాను. దాని మీద ఎర్రగా ఒక చెయ్యి అచ్చుపడింది. నాలుగు వేళ్ళు ఒకచోట ఉన్నాయి. చిటికెన వేలు వాటితో మాటల్లేనట్టు దూరంగా నిలబడి ఉంది.

“కసీల్దా,” అన్నాను, “ఇతన్ని ఇంకోసారి కొట్టమ్మా.”

“దేనికి?”

“పోలిక సరిచూడాలి. కుదరకపోయినా నష్టం లేదు.”

బల్ల కింది ఫోటో తీసి ప్రుదెన్సియో చెంప పక్కన పెట్టాను. అతను కదలకుండా నిలబడ్డాడు. ఆ రోజు అతను పరిశోధనకు ఉపయోగపడింది అప్పుడొక్కసారే. కసీల్దా ఫోటోను చూసింది, చెంపను చూసింది, కాగితం రంగుతో గోళ్ళు ఎర్రబడ్డ తన చేతిని బోర్లించి చూసుకుంది. తన చెయ్యి ఇంకొకరి భుజం మీద ఎలా ఉంటుందో ఎవరూ చూసుకోరు కదా.

“జాతర ఫోటో,” అంది మెల్లగా. “నేను దండలు చేస్తుంటే రెక్క పట్టుకుని లాక్కెళ్ళాడు. గోళ్ళన్నీ రంగు, చొక్కా పాడైపోద్ది అన్నాను. పాడైతే అయింది, వెయ్యి అన్నాడు. తర్వాత ఫోటో ఏదంటే, వెలుగు తగిలి పాడైపోయిందన్నాడు.”

“పాడవలేదు. నాకిచ్చాడు.”

గుమ్మంలో ఉబాల్దినా నిలబడి ఉంది. కొడుకు టోపీ తన పీఠానికి తీసుకుపోదామని వచ్చిందట.

“ఆ చొక్కా కూడా నేనే ఉతికాను,” అంది. “మరక పోలేదు.”

“తెలిసే ఊరుకున్నావా అత్తా? నిన్నటి నుంచి నేను ఏడుస్తుంటే?”

“పెళ్ళయ్యాక పండక్కి వాడు నా ఇంట్లో ఒక్క ముద్ద తినలేదు. చచ్చాకైనా వస్తాడనుకున్నాను. ఇక్కడ ఫోటో లేకపోతే నా గుమ్మమే కదా వాడికి దిక్కు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు కౌగలించుకుంటారేమోనని నాకు భయం వేసింది. అదృష్టవశాత్తు అలాంటిదేమీ జరగలేదు.

“నీ మోలేలో ఉప్పెక్కువ,” అంది కసీల్దా.

“వాడికి అలాగే ఇష్టం.”

“ఇష్టం లేదు. నీ ఎదురుగా చెప్పలేక తినేవాడు.” కింద పడ్డ సిగరెట్ పెట్టె తీసి పీఠం మీద పెడుతూ, “సరే, గిన్నె ఇక్కడికి తెచ్చుకో. ఉప్పు వాసన తగిలితేనన్నా ఇల్లు గుర్తుపడతాడు,” అంది.

ముసలావిడ టోపీని తీసుకోకుండానే వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ప్రుదెన్సియోని చూసి, “నా కోడి కాలు వృథా,” అంది.

నేను ఫోన్ తీశాను. “ఈ చెయ్యి తుడిచేసి కొత్తది అచ్చు వేసి తెస్తానమ్మా. గంట కూడా పట్టదు.”

“వద్దు.”

“నీ చెయ్యే కసీల్దా. బతికున్న చెయ్యి. పీఠం మీద...”

“చొక్కా మీంచే పోలేదంటగా. ఫోటోలోంచి మాత్రం ఎందుకు పోవాలి?”

ఫోటోను తీసుకెళ్ళి మధ్యలో పెట్టింది. గుమ్మంలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి కనబడుతోందో లేదో చూసింది. మళ్ళీ వచ్చి కాస్త తిప్పి పెట్టింది.

“సరిగ్గా నేను వేసుకున్న పథకం ప్రకారమే జరిగింది,” అన్నాడు ప్రుదెన్సియో దారిలో. “నేరస్థురాలి వేలిముద్రలు సేకరించడానికి ఉద్దేశపూర్వకంగా రెచ్చగొట్టాను. నా ముఖాన్నే కాగితంగా వాడాను. ఇలాంటి త్యాగం ఏ పరిశోధకుడు చేశాడో చెప్పు?”



ముడత కాగితం రంగు అంత తొందరగా పోదు. ఆ వారమంతా అతను దాన్ని పతకంలా ఊరంతా తిప్పాడు. చివరికి నా దుకాణానికి వచ్చి నీలం తెర ముందు కూర్చున్నాడు. ఘన విజయం తర్వాత బోర్డు మీద కొత్త ఫోటో ఉండాలట.

“బాగా తియ్యి, ఎలాదియో. చెంప మీది చెయ్యి మాత్రం నీ ఏఐతో తుడిచెయ్యి. బోర్డు మీద అది అక్కర్లేదు.”

తీశాను. ఫోన్లో చెంప మీద వేలితో రుద్దాను. ఏఐ కాసేపు ఆలోచించింది. తర్వాత ప్రుదెన్సియోని తుడిచేసింది. నీలం తెర ముందు గాల్లో ఒక ఎర్ర చెయ్యి మిగిలింది, చిటికెన వేలు దూరంగా.

“ఇదేమిటి? నేనేడీ?”

“అక్కర్లేనిది తుడవమన్నావు,” అని, అదే అచ్చు వేసి ఇచ్చాను.