ఉప్పుకు వెలుగొచ్చిన రోజు

ఆ ఉదయం పని చిన్నదే. ప్రొటీన్ స్ఫటికాలు పెంచే ఆ ల్యాబుకు రెండు అతినీలలోహిత మైక్రోస్కోపులు వచ్చాయి. పదకొండింటికల్లా ఒకటి ఎంచుకుని, కొనుగోలు కాగితం మీద అక్కడి పరిశోధకురాలు సంతకం పెట్టాలి. ఆ కాంతిలో ప్రొటీన్ మెరుస్తుంది, మామూలు కంటికి అచ్చం అలాగే కనిపించే ఉప్పు నల్లగా ఉండిపోతుంది. ఇంతే సంగతి. ఇంత సులువైన పని చెడాలంటే పెద్దసారు చెయ్యి పడాలి. పడింది.

మూడు నెలలుగా పెద్దసారు తన ట్రేలోని స్ఫటికాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు. పరిశోధకురాలి ట్రేని మాత్రం కంటితో చూసే "ఉప్పు" అని తేల్చేసి, మధ్యాహ్నంలోగా పారేయమన్నాడు. అది ఆమె ఆరు నెలల కష్టం.

మొదటి మైక్రోస్కోపు కింద సారు స్ఫటికం నల్లగా కనిపించింది.

"ఈ మిషన్ దండగ. ప్యాక్ చేసేయండి."

రెండోదాని కింద ధగధగా మెరిసింది. సారు వెంటనే ఫోటో తీయించి, పై ఆఫీసుకు ఫోన్ కొట్టాడు. అభినందించడానికి వాళ్లు కారెక్కారు. ఫోటోకు ఫ్రేము కట్టించడానికి మేనేజరు పరుగెత్తాడు.

"సంతకం పెట్టమ్మా, ఇదే కొందాం."

"పెట్టను సార్."

"ఏం, నాది మెరిస్తే నీ కళ్లు మండుతున్నాయా?"

"ఇది కూడా చూసి చెప్పండి." ఆమె విసురుగా వెళ్లి క్యాంటీన్ ఉప్పుసీసా తెచ్చి, అదే మిషన్ కింద చిటికెడు పెట్టింది.

ఉప్పు, సారు స్ఫటికం కంటే బాగా మెరిసింది.

"చూశావా! ఎంత పవరున్న మిషనో, ఉప్పును కూడా వదల్లేదు!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఉప్పును కూడా మెరిపిస్తే అది మైక్రోస్కోపు కాదు సార్, టార్చిలైటు. సంతకం పెట్టను, నా ట్రే పారేయను. కావాలంటే నన్నే పారేయండి!"

మిషన్ తెచ్చిన కంపెనీ ఆయన నెత్తి గోక్కుంటూ సంచిలోంచి చిన్న గాజుబిళ్ల తీశాడు. "సారీ మేడమ్... దీపం వెలుగు కంట్లో పడకుండా ఆపే ఫిల్టరు బిగించడం మర్చిపోయా."

బిగించగానే ఉప్పు వెలుగు ఆరిపోయింది. సారు స్ఫటికమూ ఆరిపోయింది. ఆమె తన ట్రే పెట్టింది. నీలంగా, నిబ్బరంగా వెలిగింది. ప్యాక్ చేసిన మొదటి మిషన్ విప్పించి చూసినా అదే మాట.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసు వాళ్లు వచ్చారు. "ఏదీ, ఆ ప్రొటీన్?"

సారు మేనేజరు కట్టించి తెచ్చిన ఫ్రేము వైపు చూశాడు, నేల వైపు చూశాడు, చివరికి ఆమె ట్రే వైపు వేలు చూపించాడు. ఆమె సంతకం పెట్టింది, మొదటి మిషన్‌కి.

కట్టించిన ఫ్రేము వృథా కాకూడదని క్యాంటీన్‌లో తగిలించారు, ఉప్పుసీసాకు సరిగ్గా పైన.