గోదాములో ఇంగ్లీషు క్లబ్బు

ఆ బుధవారం పొద్దున డిస్పాచ్ గుమాస్తా నోటినిండా పేస్టు నురగతో అద్దం ముందు నిలబడి, "గుడ్ మార్నింగ్, ఫ్రెండ్స్" అని నాలుగుసార్లు అన్నాడు. అతను పనిచేసే నీటి పంపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయింది. పన్నెండేళ్ల అనుభవం ఉంది. కాగితం మీద ఇంగ్లీషు ముత్యాల్లా వస్తుంది. నలుగురిలో లేచి నిలబడితే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకే పనికి ముందు అరగంట ఇంగ్లీషు మాట్లాడుకునే క్లబ్బు పెడదామనుకున్నాడు. అనుమతి అడిగితే, ఫోన్లో ఉన్న మేనేజరు చెయ్యి ఊపాడు. అది సరేననడమో, పొమ్మనడమో తేల్చుకోకుండానే నోటీసు అంటించేశాడు.

"ఎంతమందొస్తారండీ?" అంది భార్య, సంచిలో బిస్కెట్లు సర్దుతూ.

"ఐదుగురొస్తే గొప్పే."

గోదాములో నలభై ముగ్గురున్నారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు కూడా ఇంటికి పోకుండా అట్టపెట్టెల మీద కూర్చున్నారు. భాష మీద ఇంత మక్కువా అని గుమాస్తా కళ్లు చెమర్చాయి.

"తలా రెండు నిమిషాలు. ఏదో ఒక వస్తువు గురించి చెప్పండి" అన్నాడు.

ప్యాకింగ్ సెక్షన్ అక్క లేచింది. "ఫ్యాను" అంది.

"భేష్!"

"అది తిరగడం మానేసి రెండేళ్లయింది తమ్ముడూ. అట్టపెట్టెల మధ్య మేం ఉడికిపోతున్నాం."

"విషయం బాగుందక్కా. కానీ తెలుగులో చెబితే ఏం లాభం? ఇంగ్లీషులో చెప్పాలి."

లేతు మిషను పెద్దాయన తొడ చరిచాడు. "అదీ మాట! తెలుగులో చెప్పబట్టే కదా, ఇన్నాళ్లూ ఎవడూ చెవినబెట్టలేదు!"

చప్పట్లు మోగాయి. ఇక ఒకరి వెనక ఒకరు లేచారు. చిరిగిన గ్లౌజులు, తుప్పునీళ్లు, గడియ లేని ఆడవాళ్ల బాత్‌రూం తలుపు. గుమాస్తా ఒక్కో వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మార్చి కాగితం మీద పెట్టాడు. నోరు తిరగాలని అందరిచేతా పలికించాడు.

"ద ఫ్యాన్ డజ్ నాట్ టర్న్!" అని నలభై ముగ్గురూ ముక్తకంఠంతో అరిచిన సమయానికే మేనేజరు కారు దిగాడు. గేటు పక్కనున్న నోటీసు చదివాడు. "నోరు విప్పాలనుకునేవారు గోదాముకు రండి. భయపడకండి. తప్పు దొర్లినా ఎవరూ ఏమీ అనరు. నాయకులు మనలోనే ఉన్నారు." ఇంగ్లీషు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

"మేడమ్, సమ్మె!" అన్నాడు ఫోన్లో యజమానురాలితో. "అదీ ఇంగ్లీషులో!"

పావుగంటలో ఆవిడ వచ్చింది. గుమాస్తా చేతిలో కాగితం తీసుకుంది.

"మీ నాయకుడెవరు?"

నలభై మూడు వేళ్లు అతనివైపు తిరిగాయి. గుమాస్తా లోలోపల లెక్కేసుకున్నాడు. నాకేం తెలియదంటే ఉన్న ఉద్యోగమైనా దక్కుతుంది. కానీ అక్క కొంగుతో మెడ తుడుచుకుంటూ తనవైపే చూస్తోంది.

"అమ్మా, ఇది ఇంగ్లీషు నేర్చుకునే క్లబ్బు. ఆ మాట నోటీసులో రాయడం మర్చిపోయాను, తప్పు నాదే. ఈ కాగితంలో ఉన్నవి మాత్రం తప్పులు కావు. ఫ్యాను నిజంగానే తిరగదు. వీళ్లు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు." అతని నాలుక ఎక్కడా తడబడలేదు. ఆ సంగతి అతనికే తర్వాత తెలిసింది.

ఆవిడ మేనేజరువైపు తిరిగింది. "ఇందులో మీకు తెలిసినవెన్ని?"

మేనేజరు కింద పడి ఉన్న అట్టముక్కని శ్రద్ధగా చూశాడు.

"ఇవాళ్టినుంచి సూపర్‌వైజరు ఇతనే" అంది ఆవిడ. "ఇవన్నీ తీర్చే పూచీ కూడా ఇతనిదే."

వారం తిరిగేలోగా కొత్త సూపర్‌వైజరు ఫ్యాను తిప్పించాడు, తలుపుకి గడియ పెట్టించాడు. మళ్లీ బుధవారం కొత్త కుర్చీలో కూర్చున్నాడో లేదో, అక్క లోపలికొచ్చింది. వెనక లేతు పెద్దాయన.

"క్లబ్బులో ఇంగ్లీషులోనే రాసుకున్నాం, సార్" అంది కాగితం చాపుతూ.

ఈసారి పదిహేడు ఫిర్యాదులు. మొదటిది, ఫ్యాను గాలికి లేబుళ్లు ఎగిరిపోతున్నాయని.

సరిదిద్దుకు రమ్మని తిప్పి పంపడానికి ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని సూపర్‌వైజరు రెండుసార్లు చదివాడు, దొరకలేదు.