మూడు టికెట్ల క్రిస్మస్

డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున్న, మండపేటలో తన ఇంటి వరండాలో కూర్చుని రెండో కాఫీ తాగుతున్న బుల్లబ్బాయికి భార్య నుంచి నోటీసు అందింది. కాగితం మీద కాదు, నోటి మీద. నోటితో ఇస్తారు కాబట్టే దాన్ని నోటీసు అంటారని ఆయన చాలాకాలంగా నమ్ముతున్నాడు.

"ఏవండీ, ఈ క్రిస్మస్‌కి నేను గరిటె పట్టను," అంది రామతులసి.

బుల్లబ్బాయికి రైసు మిల్లు ఉంది. పనివాళ్ళలో సగం మందికి పండగ కనక ఆ రోజు మిల్లుకు సెలవు. బడులకు సెలవు, ఆఫీసులకు సెలవు, బ్యాంకులకు సెలవు. బంధువులందరికీ ఒకే రోజు సెలవు దొరికితే ఏం చేస్తారు? బుల్లబ్బాయి ఇంటికి భోజనానికి వస్తారు. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే వరస. చర్చిలో మొదటి గంట మోగే వేళకి రామతులసి మూడో పొయ్యి వెలిగించేది. ఊరందరికీ సెలవు రోజు, ఆవిడకి సెగ రోజు. మిల్లులో దంపుడూ ఇంట్లో దాంపత్యమూ ఏ ఆటంకమూ లేకుండా నడుస్తున్నాయని బుల్లబ్బాయి మీసం దువ్వుకునేవాడు గానీ, రెండో దాంట్లో రోకలి ఎవరి చేతిలో ఉందో ఎప్పుడూ చూసుకోలేదు.

"మరేం చేద్దామంటావు?"

"ఎక్కడికైనా పోదాం. మనం ముగ్గురమే. నేను కూర్చుంటాను, ఎవరో వచ్చి వడ్డిస్తారు, నేను తింటాను. పెళ్ళయ్యాక ఆ ఒక్క ముచ్చటా తీరలేదు నాకు."

డిగ్రీ చదువుతున్న కూతురు సుప్రియ ఫోన్లోంచి తల ఎత్తకుండానే అంది, "పాపికొండలు క్రూయిజ్ బుక్ చేద్దాం నాన్నా. టిఫిను, భోజనం, సాయంత్రం పకోడీలు, అన్నీ వాళ్ళే పెడతారు."

"పడవే కదే."

"పడవ కాదు, క్రూయిజ్. ఏసీ ఉంటుంది."

గంటలో మూడు టికెట్లు వచ్చేశాయి. రామతులసి వాటిని కూతురి ఫోన్లో రెండుసార్లు చూసుకుని భర్త వైపు తిరిగింది. "ఒక్క మాట. మీరు ఎవర్నీ పిలవకూడదు. పిలిచారంటే ఆ మర్నాటి నుంచి ఈ ఇంట్లో వంట మీదే."

"నేనా? పిలవడమా?" అన్నాడు బుల్లబ్బాయి ధీమాగా. ఆయన బీమా లేకుండా బతకగలడు గానీ ధీమా లేకుండా బతకలేడు.

నిజానికి ఆయనకి షుగరు లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా 'మీరూ రండి' జబ్బు. గోదావరి జిల్లాల్లో ఎక్కడికైనా వెళ్తున్నామని ఎవరితోనైనా అంటే, చివర 'మీరూ రండి' అనాలి. అది పిలుపు కాదు, వాక్యం చివర పెట్టే చుక్క. అవతలివాళ్ళు 'అయ్యో, మాకెక్కడ కుదురుతుందండీ' అనాలి. అది కాదనడం కాదు, ముట్టినట్టు రసీదు. రోజూ వేల పిలుపులు వెళ్ళి, వేల రసీదులు వచ్చి, ఎవరూ ఎక్కడికీ కదలకుండా జిల్లాలు మర్యాదగా సాగిపోతున్నాయి.

అయితే ఏటా ధవళేశ్వరం నుంచి భోజనానికి దిగే చెల్లెలు వీరవేణి తాళం వేసిన తలుపు ముందు నిలబడకూడదు కదా. ఆ సంగతి చెప్పడానికే ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఈ క్రిస్మస్‌కి మేం ఊళ్ళో ఉండటం లేదు. పాపికొండలు వెళ్తున్నాం, పడవ మీద. మీరూ రండి."

అని, రసీదు కోసం ఆగాడు.

"ఎంత చల్లని మాట చెప్పావన్నయ్యా. పిల్లలు ఎప్పట్నుంచో గొడవ చేస్తున్నారు. తొమ్మిదిమందిమి వస్తాం," అంది వీరవేణి.

బుల్లబ్బాయి ఫోన్ పెట్టేసి ఆలోచించాడు. చెల్లెల్ని పిలిచి బావమరిదిని పిలవకపోతే, 'మీ వాళ్ళయితే మనుషులు, మా వాళ్ళయితే కాదా' అని రామతులసి అడుగుతుంది. అప్పుడు తప్పులు రెండవుతాయి. తప్పు సగం చేద్దామని రాజమండ్రిలో ఉన్న బావమరిది గణేష్‌బాబుకి ఫోన్ చేశాడు. ఈసారి జాగ్రత్తగా, రసీదు కూడా తనే రాసి పంపించాడు.

"మీకు ఆ రోజు కుదరదనుకోండి, మాట వరసకి చెబుతున్నాను."

"ఎందుకు కుదరదు బావగారూ? ఆ రోజు అందరికీ సెలవే కదండీ. మా అత్తగారి వైపు వాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. పదకొండు మందిమి," అన్నాడు గణేష్‌బాబు.

మర్నాడు పెద్దమ్మ లోవమ్మ స్వయంగా ఫోన్ చేసింది. "ఎనభై ఏళ్ళొచ్చాయి నాయనా నాకు. అందర్నీ పిలిచి నన్ను పిలవలేదంటే ఇంక నేను పోయినట్టే లెక్క. సరేలే, ఫొటోకి దండేసుకోండి."

"అయ్యో పెద్దమ్మా, ఇవాళ చెబుదామనే అనుకుంటున్నానండీ."

పెద్దమ్మ ఒక్కతే ఎలా వస్తుంది? ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, ఒక మోకాళ్ళ నూనె సీసా. పెద్దమ్మ కోడళ్ళకి తోబుట్టువులున్నారు. తోబుట్టువులకి తోడికోడళ్ళున్నారు. వారం తిరిగేసరికి అన్ని తోడులూ తోడుకుని పెరుగులా గడ్డకట్టాయి.

అలవాటు కొద్దీ మిల్లు మేస్త్రీ చిట్టియ్యతో కూడా అనేశాడు. "అయ్యో బాబుగారూ, పండగ పూట మాకెక్కడ కుదురుతుందండీ, ఆరాధన ఉంటుంది కదండీ," అన్నాడు చిట్టియ్య. బుల్లబ్బాయికి అతన్ని కావలించుకోవాలనిపించింది. ఇంతమందిలో మర్యాద తెలిసినవాడు అతనొక్కడే.

ఎలాగైనా వీళ్ళని మానిపించాలని మళ్ళీ చెల్లెలికి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఆ పడవలో భోజనం ఏమంత బాగోదంటున్నారు. మీరు ఇబ్బంది పడతారేమోనని."

"దానికేముందన్నయ్యా, మనమే పట్టుకెళ్దాం. స్వీటు నేను తెస్తా. పులిహోర మాత్రం వదిన చెయ్యాలి. తెల్లారుజామున మూడింటికి లేస్తే ఎంతసేపు?"

పిలుపు పులిసి పులిహోరలో తేలింది. లోపలి గదిలో రామతులసి కూనిరాగం తీస్తూ పడవ రోజుకి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. బుల్లబ్బాయి ఆ గది తలుపు మెల్లగా దగ్గరకి వేశాడు.

"బయటి వంట పడవలోకి రానివ్వరమ్మా," అన్నాడు గబుక్కున. ఆ నెలలో ఆయన చేసిన మంచి పని ఆ అబద్ధమొక్కటే.

ఇక మిగిలింది ఒకటే దారి. సీట్లు లేకపోతే బంధువులు రాలేరు. రాజమండ్రి వెళ్ళి, పడవ ఆఫీసులో మేనేజరు బుజ్జిబాబు ముందు కూర్చున్నాడు.

"మా బంధువులెవరైనా ఫోన్ చేస్తే సీట్లు అయిపోయాయని చెప్పాలండి."

"ఎంతమందండీ మీ బంధువులు?"

"నలభై ఐదు తేలారండి. అయినా మాకు ఆ మూడు టికెట్లూ చాలండి. ఇంకేం వద్దండి."

బుజ్జిబాబు కూడా ఈ నీళ్ళు తాగి పెరిగినవాడే. పంక్తిలో కూర్చున్న మనిషి 'చాలు' అంటే ఇంకో గారె వెయ్యాలని, 'వద్దు' అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పొయ్యాలని వాళ్ళ అమ్మ నేర్పింది. నలభై ఐదు మంది బంధువుల్ని పెట్టుకుని, పనిగట్టుకుని ఇంతదూరం వచ్చి 'వద్దు' అంటున్నాడంటే, ఈ పెద్దమనిషి నోరు తెరిచి అడగలేకపోతున్నాడన్నమాట.

"మొహమాటపడకండి. ఆ మాత్రం అర్థం చేసుకోలేనా?" అన్నాడు బుజ్జిబాబు. "వేరే పడవ ఒకటి ఉందండి, సరిగ్గా నలభై ఐదు సీట్లు. మొత్తం మీకే రాసేస్తున్నాను. మీ మూడూ అందులోకే మార్చేస్తాను."

"అయ్యో, నిజంగానే వద్దండీ."

"'నిజంగానే' అన్నాక ఇంక రాయకపోతే నాకు పాపం చుట్టుకుంటుందండి," అన్నాడు బుజ్జిబాబు, రాస్తూ.

పాపికొండలకి వెళ్ళేముందే పాపం మాట వచ్చింది. బుల్లబ్బాయి డబ్బు కట్టి లేచాడు. బస్సెక్కేసరికి ఆయనకి ధీమా తిరిగొచ్చింది. నలభై ఐదు మంది, నలభై ఐదు సీట్లు. వండేది వాళ్ళు, వడ్డించేది వాళ్ళు. రామతులసికి ముందుగా చెప్పొద్దని అందరితో అన్నాడు కనక, రేవులో అందర్నీ చూసి ఆవిడ ఆశ్చర్యపోతుంది, తర్వాత సంతోషిస్తుంది. మొదటి సగం నిజమైంది.

క్రిస్మస్ పొద్దున్న గండిపోచమ్మ రేవులో కారు దిగిన రామతులసి కొత్త ఆకుపచ్చ చీరలో ఉంది. చేతిలో హ్యాండ్‌బ్యాగు తప్ప క్యారేజీ లేదు, గిన్నె లేదు, మరచెంబు లేదు. చేతులు ఊపుకుంటూ పది అడుగులు వేసింది.

"వదినా," అని మంచులోంచి తొమ్మిదిమంది. "అక్కా," అని పదకొండు మంది. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో లోవమ్మ, ఆవిడ చుట్టూ మిగతా సంతానం.

రామతులసి కేకలెయ్యలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. భర్తని పైనుంచి కిందిదాకా చూసింది. కళ్ళజోడు తీసి మళ్ళీ లోపల పెట్టేసింది.

"పిలవలేదు తులసీ. మాట వరసకి అన్నానంతే."

"మీరు వరసకి అన్నారు. వరసలన్నీ వచ్చాయి."

ఇంతలో లోవమ్మ కుర్చీలోంచే చెయ్యి పట్టుకుంది. "తులసీ, ఆ వంటవాడికి నాకు కారం తగ్గించమని నువ్వే దగ్గరుండి చెప్పాలమ్మా. వడ్డన కూడా నువ్వు చూస్తేనే నాకు తిన్నట్టుంటుంది."

"అవును వదినా, బయటివాళ్ళు ఏం వడ్డిస్తారు, గరిటెలు లెక్కపెట్టి వేస్తారు," అంది వీరవేణి.

రామతులసి పడవ వైపు చూసింది. ఇంట్లో తెడ్డు తిప్పీ తిప్పీ విసిగి ఇక్కడికొస్తే, ఏట్లో కూడా ఆవిడకి తెడ్డే రాసిపెట్టి ఉన్నట్టుంది.

పడవకి బల్ల వేశారు. రేవు దగ్గర లెక్క చూసే ఉద్యోగి ఒకాయన ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్టు తొడిగించి, పేరు రాసుకుని వదులుతున్నాడు. బుల్లబ్బాయి బల్ల పక్కన పెళ్ళి పందిట్లో నిలబడినట్టు నిలబడ్డాడు. "రండి రండి. పెద్దమ్మగారిని జాగ్రత్తగా ఎక్కించండి. మీరు ముందు, మీరు ముందు. మాదేముంది, మేం వెనకాల ఎక్కుతాం."

"నలభై మూడు, నలభై నాలుగు, నలభై ఐదు," అన్నాడు ఉద్యోగి. పుస్తకం మూసేశాడు. బల్ల లాగేశారు.

"మేం ముగ్గురం ఉన్నామండి."

"నలభై ఐదుకే అనుమతండి. దాని మీద ఒక్క మనిషి ఎక్కినా పడవ కదలదు."

బుజ్జిబాబు పరుగెత్తుకొచ్చాడు. "మీరు నలభై ఐదన్నారు కదండీ."

"అన్నాను."

"మిమ్మల్ని కలుపుకునే కదండీ?"

బుల్లబ్బాయి కలుపుకోలేదు. ఈ సీమలో భోజనాలకి విస్తళ్ళు లెక్కేసేటప్పుడు గృహస్థు ఇంటివాళ్ళని లెక్కలో వేసుకోడు. అందరూ తిన్నాక మిగిలినదేదో వాళ్ళు తింటారు. ఇరవై నాలుగేళ్ళలో ఆయన కొన్ని వేల విస్తళ్ళు లెక్కపెట్టాడు. అందులో ఏనాడూ తనది లేదు. భార్యది అసలే లేదు.

"అన్నయ్యా, మేం కొందరం దిగిపోతాం, మీరెక్కండి," అంది వీరవేణి పడవ కిటికీలోంచి, కిటికీ ఊచని రెండు చేతులా పట్టుకుని.

"అయ్యయ్యో, వద్దమ్మా, కూర్చోండి," అన్నాడు బుల్లబ్బాయి. అని, ఆవిడ రెండోసారి బలవంతం చేస్తుందని ఆగాడు. ఉభయ గోదావరి జిల్లాల చరిత్రలో 'వద్దు' అన్న మాటని 'వద్దు' గానే తీసుకోవడం అదే మొదటిసారి. ఇంజను మోగింది. ఓడ కదిలింది, బుల్లబ్బాయి ఓడాడు.

ముగ్గురూ ఒడ్డున నిలబడ్డారు. పడవ మంచులో చిన్నదైపోయేదాకా బుల్లబ్బాయి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, వెనక్కి తిరగడానికి ధైర్యం చాలక.

"ఏవండీ," అంది రామతులసి.

"చెప్పు."

"వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"సాయంత్రం ఆరవుతుంది."

"మధ్యలో దిగి వచ్చెయ్యడానికి దారి ఉందా?"

"కొండల మధ్య ఎక్కడ దిగుతారు తులసీ?"

"ఫోన్లు?"

"అక్కడ సిగ్నల్ ఉండదమ్మా," అంది సుప్రియ, అప్పటికే నవ్వు ఆపుకోలేక.

రామతులసి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మా వైపు, మీ వైపు, పెద్దమ్మ వైపు. "అయితే మన ఇంటికి భోజనానికి రాదగ్గ మనిషంటూ ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదన్నమాట."

"మనమే మిగిలాం," అన్నాడు బుల్లబ్బాయి, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"పదండి ఇంటికి," అంది ఆవిడ. కార్లో వెనక సీటు మొత్తం తనే తీసుకుని కాళ్ళు చాపుకుంది. దారి పొడుగునా చర్చిల మీద కాగితం నక్షత్రాలు చూస్తూ, ఇంట్లో వదిలేసిన కూనిరాగాన్ని మళ్ళీ అందుకుంది.

ఇంటికొచ్చి ఆవిడ హాల్లో కూర్చుంది. బుల్లబ్బాయి ఎవరూ చెప్పకుండానే వంటగదిలోకి వెళ్ళాడు. ఆయన పాతికేళ్ళుగా బియ్యం ఆడించాడు గానీ, ఒక్కనాడూ అన్నం వార్చలేదు. గ్లాసుకి ఎన్ని గ్లాసుల నీళ్ళో సుప్రియ ఫోన్లో చూసి చెప్పింది. ఆయన అనుమానం మీద ఇంకొకటి పోశాడు. అది అన్నానికీ జావకీ మధ్య ఎక్కడో స్థిరపడింది. దాని పక్కన మాడిన వంకాయ వేపుడు పెట్టి, భార్య ముందు విస్తరి వేసి, వంగి వడ్డించాడు.

రామతులసి ఒక ముద్ద తింది.

"ఎలా ఉంది?" అన్నాడు బుల్లబ్బాయి, గరిటె పట్టుకుని నిలబడి.

"ఉప్పు లేదు, అన్నం జావైంది, వేపుడు మాడింది," అంది రామతులసి. "ఇంకొంచెం వెయ్యండి."

మధ్యాహ్నం రెండున్నరకి ఆ ఇంట్లోంచి వీధిలోకి వినిపించిన గురక మాత్రం బుల్లబ్బాయిది కాదు.