సాంచె నడిచిన పదివేల అడుగులు

నవ్వనని ఒట్టేస్తేనే చెబుతాను. మూడు వారాల కిందట హైదరాబాదులో నా గుండెకు రోబో ఆపరేషన్ అయింది. ఛాతీ కోయలేదు. పక్కటెముకల సందుల్లో నాలుగు చిన్న చిల్లులు, అంతే. డాక్టరు మూలన తెర ముందు కూర్చున్నాడట, నా లోపల ఇనుప చేతులు పనిచేశాయట. వాటిలో ఒకటి ఇంకా లోపలే ఉండిపోయిందేమోనని నా భయం.

రోజుకు ఆరువేల అడుగులు నడిస్తేనే గుండె కుదుటపడుతుందన్నాడు డాక్టరు. కరీంనగర్‌లో ఉండే బిడ్డ శ్రీవాణి నా చేతికో గడియారం కట్టింది. నా అడుగులూ, నాడీ దాని ఫోనులో కనబడతాయి. ఇక నా పెండ్లాం అంజవ్వ ఊరుకుంటుందా?

"లే అయ్యా, నడువు."

"నిన్ననే నడిస్తి గదనే!"

"నిన్న బువ్వ తిన్నవని ఇయ్యాల తినకుంటున్నవా?"

సిరిసిల్లలో పుట్టినవాడికి ఉపాయాలకు కరువా? ఇంటి వెనక షెడ్డులో తమ్ముడు రవీందర్ బట్ట నేసే సాంచెలు నడుపుతాడు. వాడు టీకి పోయినప్పుడు, సాంచెలో ముందుకూ వెనక్కూ ఊగే చెక్కకు గడియారం కట్టేశాను. నూలు మూటల మీద ఒరిగాను. గంట చాలనుకున్నాను గానీ కన్నంటుకుంది.

చప్పుడు ఆగిపోయి మెలకువ వచ్చింది. కరెంటు పోయినట్టుంది. నట్టమధ్యాహ్నం మా వాడ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెన్నడూ వినలేదు. షెడ్డులో ఎవరూ లేరు. చెక్కకు గడియారమూ లేదు.

ఇంటికి వస్తే, అంజవ్వ విస్తరాకులో మటన్ కూర, గారెలు పెట్టి ప్రహరీగోడ మీద పెడుతోంది. పక్కన కల్లు సీసా. అన్నీ నాకిష్టమైనవే. ఆపరేషన్ అయ్యాక వాటి వాసన కూడా చూడనివ్వలేదు. రవీందర్ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మనిషి పోయాక మూడోనాడు పిట్టకు పెట్టేది ఇట్లాగే.

"ఎవలు పోయిన్రే?" అన్నాను.

అంజవ్వ నాలోంచి వెనకున్న గోడను చూసింది.

"రవీందరూ, మీ అన్నకు మటనంటే పానం. పిట్ట ముడుతదంటవా?"

"ముడుతది వదినె."

"అరే, నేనీడనే ఉన్న!" అని అరిచాను. ఒక్కరూ తల తిప్పలేదు.

అరుగు మీది ఫోనులో శ్రీవాణి గొంతు: "అమ్మా, బాపు పదివేల అడుగులు నడిచిండే. నాడి మాత్రం లేదు."

ఛాతీ మీద చెయ్యి పెట్టాను. వేళ్లు మొద్దుబారి ఏమీ తెలియలేదు. నిద్రలోనే పోయానా? ఇంటిదాకా నన్ను నడిపించుకొచ్చింది ఆ ఇనుప చేతులేనా?

కాకి వచ్చి గోడ మీద వాలింది. తల వంచి నన్నే చూసింది. తర్వాత ముక్క కరుచుకుని ఎగిరింది.

"ముట్టింది," అంది అంజవ్వ.

"ముట్టద్దు! నేను సావలే!"

పరుగెత్తడానికి గుండె భయం. అందుకని కాకిని నడుస్తూనే తరిమాను, వీధి చివరిదాకా. తిరిగొచ్చేసరికి గుండె దడదడ కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

అంజవ్వ నా మణికట్టు పట్టుకుని గడియారం కట్టింది. "ఇప్పుడు నాడి ఉన్నదా బిడ్డా?"

"మంచిగున్నదే అమ్మా!"

అప్పుడు అంజవ్వ నిజంగానే ఏడ్చింది. "బిడ్డ నాడి లేదన్నప్పటి సంది, సాంచెకు కట్టిన గడియారం నా కంట వడేదాక నేనెట్లున్ననో నీకు ఎర్కనా? గందుకే గా భయం నీకు గూడ జెర చూపెట్టిన."

నేను తల దించుకున్నాను. విస్తరి వైపు ఓరగా చూశాను. "మరి గా మటన్?"

"అది పోయినోళ్లకు. ఉన్నోళ్లకు జొన్న గట్క. లే, నడువు!"

రోజూ నడుస్తున్నాను. ఆ కాకి కూడా గోడల మీదుగా వెంట వస్తోంది. నేను ఆగితే అదీ ఆగి, తల వంచి చూస్తుంది. అందుకే ఆగడం లేదు.